రోడ్డు పనులు అయిపోయాయి, 60 మాత్రం పోలేదు: ఒక నావిగేషన్ కేస్ స్టడీ

ఫిర్యాదు చూడ్డానికి చిన్నదే. డివైడర్ ఉన్న హైవే మీద, ఒక వంతెన దగ్గరికి రాగానే, ముందు ఏ బండీ లేకపోయినా కారు దానంతట అదే 100 నుంచి 60కి దిగిపోతోంది. వంతెన దాటి కొంత దూరం పోయాక మళ్లీ 100 అందుకుంటోంది. స్పీడ్ లిమిట్‌ని బట్టి వేగం మార్చుకునే క్రూజ్ కంట్రోల్ ఆన్‌లో ఉన్న కార్లలోనే ఇలా అవుతోంది. మిగతా కార్లలో తెర మీద 60 అని పడి, టింగుమని శబ్దం వచ్చి ఊరుకుంటోంది. అక్కడ 60 అని ఎక్కడా బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, వంతెన రిపేరు జరిగినన్నాళ్లూ. ఆ పనులు అయిపోయి, డ్రమ్ములూ బారికేడ్లూ తీసేసి చాలా వారాలైంది.

ఫిర్యాదు పంపింది కార్లు అద్దెకు తిప్పే ఒక సంస్థ. వాళ్ల మేనేజరు ఫోన్లో అన్న మాట ఇది: "మావాళ్లు ఆ ఫీచర్నే ఆపేస్తున్నారండీ. ఆపొద్దని ఏ మొహం పెట్టుకుని చెప్పమంటారు?"

కార్లలో ముందే అమర్చి వచ్చే నావిగేషన్ మీద ఇలాంటి ఫిర్యాదులు వచ్చినప్పుడు మూలం ఎక్కడుందో తేల్చడం నా పని. ఈ రంగంలో మ్యాప్ ఒకరిది, ట్రాఫిక్ సమాచారం ఇంకొకరిది, బోర్డులు చదివే కెమెరా వేరొకరిది, కారు మరొకరిది. డ్రైవరుకి కనిపించేది మాత్రం ఎర్ర అంచున్న ఒక్క గుండ్రటి గుర్తు, అందులో ఒక్క నంబరు. తప్పు ఎవరిదైనా తిట్లు ఆ నంబరుకే. సంస్థల పేర్లు, చోటు పేరు ఇక్కడ రాయను. అవి లేకపోయినా జరిగింది అర్థమవుతుంది.

ఇలాంటి ఫిర్యాదు రాగానే మీటింగులో ఎవరో ఒకరు "తక్కువ చూపిస్తే నష్టమేముంది, సేఫే కదా" అంటారు. సేఫ్ కాదు. గంటకు 100 కిలోమీటర్లంటే సెకనుకి సుమారు 28 మీటర్లు. 60 అంటే 17కి కాస్త తక్కువ. వెనక బండి 100లోనే వస్తుంటే మధ్యలో దూరం సెకనుకి 11 మీటర్ల చొప్పున తరిగిపోతుంది. ముందు కారు నెమ్మదిస్తుందని వెనకున్నాయన ఊహించడానికి అక్కడ అడ్డమూ లేదు, బోర్డూ లేదు. దీనికి ఎదురు తప్పు, అంటే పనివాళ్లు నిలబడ్డ చోట 60కి బదులు 100 చూపించడం, ఇంకా ఘోరం. 60లో కంటే 100లో బండికి ఉండే గతిశక్తి దాదాపు 2.8 రెట్లు. ఒక తప్పును తగ్గించబోతే రెండోది పెరగడం ఈ పనిలో మామూలే, ఈ కేసులోనూ అదే జరిగింది.

తెర మీద రెండు నంబర్లు

కార్లు నమోదు చేసుకున్న వివరాలు, అంటే లాగులు, తెప్పించుకోకముందే ఒక ఆధారం మా చేతిలో ఉంది. ఒక డ్రైవరు పక్క సీట్లోవాళ్ల చేత వీడియో తీయించి పంపాడు. అందులో కారు 60కి దిగుతుంది, కాసేపటికి గమ్యం చేరే టైము ఒక నిమిషం ఆలస్యంగా మారుతుంది. అంటే టైము లెక్క కట్టే భాగం ఆ ముక్క మీద 60ని ఆశించలేదు. కారు తన అంచనా కంటే మెల్లగా పోతోందని చూసి సర్దుకుంది.

చేరే టైముని స్పీడ్ లిమిట్‌ని బట్టి లెక్కిస్తారని చాలామంది అనుకుంటారు. పాత పరికరాల్లో కొంతవరకు నిజమే, రోడ్డు తరగతిని బట్టి ఒక సగటు వేగం పెట్టుకునేవారు. ఇప్పుడు దారి లెక్కలకి వాడేది అదే రోడ్డు మీద నిజంగా తిరిగిన ఫోన్లు, కార్లు వదిలి వెళ్లిన వేగాలు. వాటినే ప్రోబ్ డేటా అంటాం. వారంలో ఏ రోజు, ఏ పూట అన్నదాన్ని బట్టి ఒక్కో రోడ్డు ముక్కకి వేగాల పట్టిక ఉంటుంది, దాని మీద ఇప్పటి ట్రాఫిక్ వచ్చి కూర్చుంటుంది. స్పీడ్ లిమిట్ ఉండే గది వేరు. అది డ్రైవరుకి చూపడానికి, హెచ్చరించడానికి, క్రూజ్ కంట్రోల్‌కి ఇవ్వడానికి. ఈ రెండు గదులూ ఒకదాన్నొకటి అడగవు. అందుకే ఒకే తెర మీద ఒక నంబరు "ఇక్కడ 60" అంటుంటే, ఇంకో నంబరు "ఇక్కడ అందరూ దాదాపు 100లో పోతున్నారు" అంటోంది.

తర్వాత ఇంకో రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, మ్యాప్ అప్‌డేట్ చేసుకున్న కార్లలోనే ఈ తప్పు ఉంది. బద్ధకించి పాత మ్యాప్‌తో తిరుగుతున్న కార్లు చక్కగా 100 చూపిస్తున్నాయి. రెండోది, ఉత్తరం వైపు వెళ్లేటప్పుడే ఇలా అవుతోంది. అదే వంతెన మీద దక్షిణం వైపు వస్తే ఏ ఇబ్బందీ లేదు, పనులప్పుడు రెండు వైపులా 60 బోర్డులున్నా సరే.

ఈ రెండూ చూశాక కెమెరా మీద అనుమానం చాలావరకు పోయింది. ఎందుకో చెప్పాలంటే నంబరు ఎలా తయారవుతుందో కొంచెం చెప్పాలి.

ఆ 60 ఎవరు చెప్పారు

మ్యాప్‌లో రోడ్డు ఒకే గీత కాదు. కూడలి నుంచి కూడలికి, లేదా ఏదైనా లక్షణం మారే చోటికి ముక్కలుగా ఉంటుంది. ప్రతి ముక్కకీ, ప్రతి దిశకీ వేరే లిమిట్ ఉండొచ్చు. లారీలకి ఒకటి, వాన పడితే ఒకటి, రాత్రి ఒకటి. ఆ లిమిట్ రెండు రకాలుగా పుడుతుంది. బోర్డు పెట్టి చెప్పింది ఒకటి. బోర్డు లేకపోయినా ఆ రకం రోడ్డుకి చట్టమే పెట్టింది రెండోది. మొదటిదాన్ని వెళ్లి చూసి రాసుకోవచ్చు. రెండోదాన్ని రోడ్డు రకం, ఊరి హద్దు లాంటివాటి నుంచి ఊహించాలి. మా వంతెన మీది 100 ఈ రెండో రకం. ఇది గుర్తుంచుకోండి, కేసు మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది.

ఈ అసలు మ్యాప్ మీద ట్రాఫిక్ కేంద్రాల నుంచి వచ్చే తాత్కాలిక సమాచారం పొరగా పడుతుంది. కారు కెమెరా దారిలో కనిపించిన బోర్డులు చదువుతుంది. ఈ మూడింటిలో ఎవరి మాట నెగ్గాలో ఒక నియమాల పట్టీ ఉంటుంది. మామూలుగా కెమెరా ఇప్పుడే చదివిందే గొప్ప. కొంత దూరం పోయాకో, కూడలి దాటాకో దాని మాట చెల్లదు, మళ్లీ మ్యాప్ మాటే.

కెమెరాకే ఎప్పుడూ పెద్దపీట వేస్తే సరిపోతుంది కదా అని అడుగుతుంటారు. పక్కన దిగిపోయే ర్యాంపుకి పెట్టిన 40 బోర్డు హైవే మీద పోయేవాడి కెమెరాకీ కనిపిస్తుంది. లారీ వెనక అంటించిన 80 స్టిక్కరు కూడా గుండ్రంగానే ఉంటుంది. బోర్డు కింద చిన్న పలకలో "వాన పడినప్పుడు" అని రాసుంటే అది చదవడం ఇంకో పరీక్ష. యూరోపియన్ యూనియన్‌లో 2022 జులై నుంచి కొత్తగా ఆమోదానికి వచ్చే మోడళ్లకి, 2024 జులై నుంచి అమ్మే కొత్త కార్లన్నిటికీ లిమిట్ దాటితే డ్రైవరుని హెచ్చరించే ఇంటెలిజెంట్ స్పీడ్ అసిస్టెన్స్ తప్పనిసరి చేశారు. అక్కడి నియమం కూడా కెమెరానే వాడాలని పట్టుబట్టదు. కెమెరా, మ్యాప్, రెండూ కలిపి, ఏదైనా సరే, లిమిట్ సరిగ్గా తెలియాలంతే. డ్రైవరు దాన్ని ఆపుకోవచ్చు గానీ బండి మళ్లీ స్టార్ట్ చేస్తే అది మళ్లీ ఆన్ అవుతుంది. తప్పుడు 60 ఉన్న దారిలో రోజూ తిరిగేవాడికి రోజూ అదే గోల.

లాగులు వచ్చాయి. వంతెన మీద కెమెరా ఏ బోర్డూ చూడలేదు. తాత్కాలిక పొరలో ఆ చోటికి ఏ రికార్డూ లేదు. పనుల రికార్డు పద్ధతిగా మూసేశారు. 60 వచ్చింది అసలు మ్యాప్ నుంచే. పైగా పక్కనే రకం కూడా రాసుంది: బోర్డు మీద చూసినది. మ్యాప్ నుంచి కారు సిస్టమ్‌లకి ముందున్న రోడ్డు సంగతి చేరవేసే అడాసిస్ పద్ధతిలో ఈ రకానికి విడిగా చోటుంది. చట్టం వల్ల వచ్చిన లిమిటా, బోర్డు మీద రాసిన లిమిటా అన్నది క్రూజ్ కంట్రోల్‌కి తెలుస్తుంది. బోర్డు మీద ఉన్నదంటే అది ఎక్కువ నమ్ముతుంది. అందుకే అంత ధీమాగా బ్రేకు వేసింది.

పనులు జరుగుతున్నప్పటి సంగతి

తాత్కాలికంగా ఉండాల్సింది శాశ్వత మ్యాప్‌లోకి ఎలా ఎక్కింది? దీనికి పనుల రోజుల్లోకి వెళ్లాలి.

ఉత్తరం వైపు వంతెన పలక బాగుచెయ్యాల్సి వచ్చింది. ఆ సగం మూసేసి, ఉత్తరం వెళ్లే బండ్లని డివైడర్ తెరిచి దక్షిణం వైపు సగం మీదకి మళ్లించారు. ఒకే సగం మీద ఇటొక లేను, అటొక లేను, మధ్యలో ప్లాస్టిక్ స్తంభాలు. రెండు వైపులా 80 బోర్డు, తర్వాత 60.

ట్రాఫిక్ కేంద్రం ఈ సంగతి డేటెక్స్ టూ పద్ధతిలో పంపింది. యూరప్‌లో ట్రాఫిక్ కేంద్రాలు సమాచారం ఇచ్చిపుచ్చుకోవడానికి తయారైన పద్ధతి అది. అందులో రోడ్డు పని ఒక రికార్డు, తాత్కాలిక వేగ పరిమితి వేరే రికార్డు. మొదటిది పంపి రెండోది పంపకపోయినా రూపం ప్రకారం తప్పు కాదు. మా కేసులో జరిగింది అదే. పని ఉందని, లేన్లు తగ్గాయని వచ్చింది, 60 అన్న మాట మాత్రం రాలేదు. కాబట్టి పనులు జరుగుతున్నన్నాళ్లూ ఆ 60 భారమంతా కెమెరా మీదే పడింది.

ఎఫ్ఎం రేడియో సిగ్నల్‌తో కలిసి వచ్చే టీఎంసీ (ట్రాఫిక్ మెసేజ్ ఛానెల్) సందేశాల మీదే ఆధారపడ్డ పాత కార్ల సంగతి ఇంకా ఇబ్బంది. ఆ సందేశంలో సంఘటనకి 11 బిట్లు, చోటుకి 16 బిట్లు. ముందే నంబర్లు ఇచ్చిన కూడళ్ల పేర్లతోనే చోటు చెప్పాలి. వంతెన మీద చిన్న ముక్కలో పని జరుగుతున్నా, తెర మీద ఈ కూడలి నుంచి ఆ కూడలి దాకా గుర్తు పరుచుకుంటుంది. ఎక్కడో మొదలవుతుందని ఎదురుచూసి, ఏమీ కనిపించక, తీరా పని మొదలయ్యే చోటుకి డ్రైవరు దాన్ని మర్చిపోయి ఉంటాడు. కొత్త పద్ధతుల్లో చోటుని దూరాలతో, దిశలతో చెప్పొచ్చు గనక ఈ బాధ తగ్గింది.

పనులప్పుడే ఈ వంతెన మీద ఇంకో ఫిర్యాదు వచ్చింది. అప్పట్లో దాన్ని వేరే కేసుగా చూసి, పరిష్కరించి మూసేశారు. ఉత్తరం వెళ్లే బండ్లకి వంతెన మీద "యూటర్న్ తీసుకోండి" అని వినిపిస్తోంది, లిమిట్ 40 అని చూపిస్తోంది. ఆ 40 పక్కనున్న సర్వీస్ రోడ్డుది.

జీపీఎస్ చెప్పేది ఒక చుక్క. ఆరుబయట, ఆకాశం బాగా కనిపించే చోట ఫోన్లలో అది సుమారు 5 మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. ఆ చుక్క ఏ రోడ్డు మీదిదో తేల్చడాన్ని మ్యాప్ మ్యాచింగ్ అంటాం. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో పాల్ న్యూసన్, జాన్ క్రమ్ 2009లో చూపించిన దారినే ఇప్పటికీ చాలామంది ఏదో ఒక రూపంలో వాడతారు. చుక్క రోడ్డుకి ఎంత దగ్గర, ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకి ఆ రోడ్డు మీదుగా వెళ్లడం ఎంత సహజం, ఈ రెంటినీ తూచి, వరుస మొత్తానికి బాగా కుదిరే దారిని ఎంచుకుంటుంది. ఇప్పుడు మా వంతెన చూడండి. చుక్క దక్షిణం వైపు సగం మీద పడుతోంది. కానీ బండి ఉత్తరానికి పోతోంది, మ్యాప్ ప్రకారం అది రాంగ్ రూట్. రాంగ్ రూట్‌లో ఎవరూ పోరని సిస్టమ్ నమ్మకం. ఉత్తరానికి పోనిచ్చే రోడ్డు ఆ పక్కన ఏముందా అని వెతికితే, దక్షిణం సగానికి ఆనుకుని రెండు దిక్కులా బండ్లు తిరిగే సర్వీస్ రోడ్డు దొరికింది. దానికి అంటించేసింది. సర్వీస్ రోడ్డు మీద ఉన్నావు కాబట్టి హైవే ఎక్కడానికి వెనక్కి తిరుగు అంది. దాని లెక్కలో దానికి తప్పేమీ లేదు.

పరిష్కారం కూడా సబబుగానే చేశారు. రోడ్డు పని రికార్డు ఉన్న చోట, ఎదురు సగం మీద రాంగ్ రూట్‌లో కనిపించే బండ్లని వాటి అసలు సగానికే అంటించమన్నారు. యూటర్న్ గోల ఆగింది. డ్రైవర్లు సంతోషించారు.

అయితే దాని ఇంకో ఫలితం నిశ్శబ్దంగా పేరుకుంది. కార్ల కెమెరాలు చూసిన బోర్డులు, ఏ రోడ్డు ముక్క మీద చూశాయో ఆ గుర్తుతో సహా, మ్యాప్ సంస్థకి చేరతాయి. అంతకుముందు ఉత్తరం బండ్లు చూసిన 60 కొన్నిసార్లు సర్వీస్ రోడ్డుకి, కొన్నిసార్లు హైవేకి అంటి చెల్లాచెదురుగా ఉండేది. చెదిరిన సాక్ష్యాన్ని సిస్టమ్ నమ్మదు. పరిష్కారం తర్వాత ఆ 60లన్నీ ఒకే చోట, ఉత్తరం సగం మీద, పొందికగా పోగుపడటం మొదలైంది.

60 అసలు మ్యాప్‌లోకి ఎక్కిన తీరు

మ్యాప్ సంస్థ నియమం మామూలు నియమమే. ఒక బోర్డు చాలా వారాల పాటు, చాలా కార్లకి, ఒకే చోట, ఒకే నంబరుతో కనిపిస్తే అది శాశ్వత బోర్డు. రోడ్ల మీద మారుతూ ఉండే లక్షల బోర్డులని మనుషులు వెళ్లి చూడలేరు కాబట్టి ఈ నియమం లేకుండా ఈ కాలంలో మ్యాప్ నడవదు. చిన్న చిన్న పనులు ఆ గడువుకి ముందే అయిపోతాయి, కాబట్టి వాటి బోర్డులు వడపోతలో పోతాయి. వంతెన పని పెద్దది, నెలల తరబడి సాగింది. 60 గడువు దాటింది, శాశ్వత పట్టికలోకి ఎక్కింది.

ఎక్కిన రోజున ఎవరికీ ఏమీ తెలియలేదు, ఎందుకంటే ఆ రోజున అది నిజం. రోడ్డు మీదా 60, మ్యాప్‌లోనూ 60, కెమెరాలోనూ 60. నాణ్యత పరీక్షలో ఆ ముక్క పచ్చగా వెలిగింది. ఇంకా చెప్పాలంటే అంతకుముందు కంటే బాగా వెలిగింది. తప్పు పుట్టింది అన్నీ సరిగ్గా ఉన్న రోజుల్లో, కాబట్టి తప్పులు వెతికే ఏ పరీక్షకీ అది చిక్కలేదు.

పనులు అయిపోయాయి. బోర్డులు తీసేశారు. అప్పుడైనా మ్యాప్ దిద్దుకోవాలి కదా? దక్షిణం వైపు దిద్దుకుంది. వంతెనకి కాస్త ముందు ఒక ర్యాంపు హైవేలో కలుస్తుంది. కొత్తగా ఎక్కే బండ్ల కోసం అక్కడ ఎప్పటి నుంచో 100 బోర్డు ఉంది. పనుల్లో దానికి కవరు తొడిగారు, తర్వాత తీసేశారు. కెమెరాలు మళ్లీ 100 చూశాయి, కొన్ని వారాల్లో 100 గెలిచింది. ఉత్తరం వైపు అలాంటి ర్యాంపు లేదు, బోర్డూ లేదు. అక్కడి 100 చట్టం ఇచ్చింది, ఏ బోర్డు మీదా రాసింది కాదు. పనులు ముగిసే చోట పెట్టిన "పరిమితి సమాప్తం" బోర్డుని కూడా పనులతో పాటే తీసుకెళ్లిపోయారు.

అంటే 60ని కాదనే సాక్షి ఆ రోడ్డు మీద ఎవరూ లేరు. ఎన్ని కార్లు వెళ్లినా కెమెరాలకి కనిపించేది ఏమీ లేదు, కాబట్టి అవి పంపేదీ ఏమీ లేదు. ఏమీ రాకపోతే పాత సాక్ష్యమే చెల్లుతుంది. బోర్డు ఉండటాన్ని చూడగలిగిన సిస్టమ్, లేకపోవడాన్ని చూడలేకపోయింది.

లేనిదాన్ని చూడటం

"చూడలేదు" అన్నదీ "చూశాను, లేదు" అన్నదీ వేర్వేరు సాక్ష్యాలని ఒప్పించడానికే ఎక్కువ సమయం పట్టింది. మొదటిది మౌనం. రెండోది మాట. ఆ మాట చెప్పించాలంటే కారుకి ముందే తెలియాలి: ఫలానా చోట, రోడ్డుకి ఫలానా పక్క, 60 బోర్డు ఉండాలి. ఆ చోటు దాటాక కారు ఒక సమాధానం పంపాలి, ఉందనో లేదనో.

లేదనే సమాధానానికి షరతులు పెట్టాం. పక్కన లారీ అడ్డం వచ్చి ఉంటే ఆ సమాధానం లెక్కలోకి రాదు. పొద్దు వాలి ఎండ నేరుగా కెమెరాలో పడే వేళ, గట్టి వాన, మంచు, ఇవీ రావు. ఎల్ఈడీ బోర్డులని మొత్తంగా పక్కన పెట్టాం. అవి మన కంటికి నిలకడగా కనిపించినా నిజానికి ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. కెమెరా షట్టరు తెరుచుకున్న ఆ కొద్ది క్షణంలో బోర్డు ఆరి ఉంటే ఫ్రేములో నల్ల పలకే పడుతుంది. అలాంటి బోర్డు గురించి "లేదు" అన్న మాట నమ్మితే, మంచి బోర్డులు కూడా మ్యాప్ నుంచి చెరిగిపోతాయి.

ఇంకో అడ్డంకి ఖర్చు. ప్రతి కారూ ప్రతి బోర్డు గురించీ సమాధానం పంపితే డేటా భారం విపరీతం. అందుకే అడిగే చోట్లే తక్కువ పెట్టాలి. ఎక్కడ అడగాలో తేల్చడానికి మళ్లీ ప్రోబ్ డేటా దగ్గరికే వచ్చాం.

రాత్రి వేగాలు

రోడ్డు మీద బండ్లు 60లో పోతున్నాయంటే కారణం లిమిట్ కావచ్చు, ట్రాఫిక్ జామ్ కావచ్చు. పగటి డేటాలో రెండూ కలగాపులగంగా ఉంటాయి. జామ్‌లో వేగాలు చెల్లాచెదురుగా ఉంటాయి, ఆగడం, కదలడం, మళ్లీ ఆగడం. పనుల చోట, ముఖ్యంగా లేను ఇరుకైన చోట, వేగాలు ఒక సన్నటి పట్టీలో దగ్గరదగ్గరగా ఉంటాయి. ముందు బండి ఎంతో వెనక బండీ అంతే. నేను ఎక్కువ నమ్మేది మాత్రం అర్ధరాత్రి దాటాక రెండు మూడు గంటల వేళ వేగాలని. అప్పుడు జామ్ ఉండదు. రోడ్డు ఎంత పోనిస్తే అంత పోతారు. వంతెన మీద పనులప్పుడు ఆ వేళ కూడా సన్నటి పట్టీయే కనిపించింది, లిమిట్‌కి కొంచెం పైన. పనులు తీసేసిన రాత్రి నుంచే అది 100 చుట్టూ విచ్చుకుంది. టైము లెక్కించే భాగానికి ఈ సంగతి కొద్ది రోజుల్లోనే తెలిసిపోయింది. అదే డేటా లిమిట్ గదికి చేరలేదు, అంతే తేడా.

ఇంకా పెద్ద గుర్తు చుక్కల వరుసలది. ఒక్కో చుక్కలో పొరపాటున్నా, వేల బండ్ల చుక్కలని పోగేస్తే గీత సన్నబడుతుంది. పనులప్పుడు ఉత్తరం సగం మీద గీతే లేదు. రెండు దిక్కుల గీతలూ దక్షిణం సగం మీదే ఉన్నాయి. పనులు అయ్యాక ఉత్తరం గీత తన చోటికి తిరిగొచ్చింది. పనులు ముగిశాయనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం నాకు తెలియదు. కాగితాల మీది ముగింపు తేదీ కంటే ఇదే నయం. ఈ పనికి ఆ తేదీ రెండుసార్లు పొడిగించారు. మొదటిసారి పొడిగింపు రికార్డు ఆలస్యంగా వచ్చింది. ఆ సందులో తెర మీద పనుల గుర్తు మాయమైంది, రోడ్డు మీద మనుషులు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు. అమెరికాలో రోడ్డు పనుల సమాచారం కోసం వాడే వర్క్ జోన్ డేటా ఎక్స్‌ఛేంజ్ పద్ధతిలో, ముగింపు తేదీ ఖరారైందా లేక అంచనానా అని చెప్పడానికి విడిగా ఒక గడి ఉంది. పనివాళ్లు ఇప్పుడు అక్కడ ఉన్నారా అన్నదానికీ ఉంది. ఇలాంటి గడులు ఉంటే సగం పని తేలిక, నింపేవాళ్లు నింపితే.

అలాగని వేగాలని చూసి లిమిట్ రాసెయ్యకూడదు. జనం 110లో పోతున్నారని లిమిట్ 110 అయిపోదు. పైగా ప్రోబ్ డేటాని మోసం చెయ్యొచ్చు. బెర్లిన్‌లో సైమన్ వెకర్ట్ అనే కళాకారుడు 99 ఫోన్లని చిన్న బండిలో వేసుకుని ఖాళీ వీధిలో లాక్కుంటూ వెళ్లి, గూగుల్ మ్యాప్స్‌లో ఆ వీధిని ఎర్రగా చేసి చూపించాడు. 2020లో అది అందరి కళ్లలో పడింది. కాబట్టి వేగం మారితే మేం చేసేది ఒకటే: ఆ ముక్క మీది బోర్డు గురించి కార్లని అడగడం మొదలుపెడతాం. తీర్పు బోర్డు దగ్గరే.

మార్చినవి, మిగిలినవి

ముఖ్యమైన మార్పు మ్యాప్ సంస్థ వైపు జరిగింది. రోడ్డు పని రికార్డు ఉన్న ముక్క మీద, ఆ కాలంలో కెమెరాలు చూసిన ఏ లిమిటూ, ఎన్ని నెలలు కనిపించినా, శాశ్వత పట్టికలోకి ఎక్కదు. తాత్కాలిక పొరలోనే ఉంటుంది. అక్కడ ప్రతి రికార్డుకీ గడువు తప్పనిసరి, సాక్ష్యం వస్తున్నంతకాలం గడువు పెరుగుతుంది, ఆగితే చచ్చిపోతుంది. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సముదాయం ఈ సంగతి ఎప్పుడో పట్టుకుంది. కొద్ది రోజుల మూసివేతలని మ్యాప్‌లో గీయొద్దని వాళ్లు కొత్తవాళ్లకి చెబుతుంటారు. ఎవరో నెలల కిందట డౌన్‌లోడ్ చేసుకున్న కాపీలో మీరు గీసింది అలాగే ఉండిపోతుంది, మీరు తర్వాత చెరిపినా ఆ కాపీలో చెరగదు అని. తేదీలతో కూడిన షరతు రాసుకునే వీలు కూడా అందులో ఉంది.

రెండో మార్పు చిన్నది, నాకు మాత్రం ఎక్కువ నచ్చింది. బోర్డు లిమిట్ వచ్చి చట్టం లిమిట్ మీద కూర్చున్నప్పుడు కింది నంబరుని చెరపకుండా ఉంచుతున్నారు. పైది పోతే ఏమి చూపాలన్న ప్రశ్నే రాదు. ఇంతకుముందు 60 రాగానే 100 పోయేది. 60 తప్పని తేలినా దాని బదులు ఏమి పెట్టాలో ఎవరో కూర్చుని చూడాల్సి వచ్చేది.

కారు వైపు వాదన ఎక్కువ జరిగింది. మ్యాప్ "బోర్డు ఉంది" అంటోంది, కెమెరా బాగానే పనిచేస్తూ ఆ చోట బోర్డు చూడలేదు, చుట్టూ బండ్లు చాలా వేగంగా పోతున్నాయి. అప్పుడు క్రూజ్ కంట్రోల్ ఏం చెయ్యాలి? దిగాల్సిందేనని ఒక పక్షం, లిమిట్ విషయంలో చుట్టుపక్కల బండ్లు సాక్షులు కావని వాళ్ల వాదన. అది నిజమే. చివరికి కుదిరింది ఇది: మ్యాప్ గంటకు 20 కిలోమీటర్లకి మించి వేగం తగ్గించమంటే, కెమెరా దాన్ని బలపరచకపోతే, కారు దానంతట అది దిగదు. నంబరు చూపి, డ్రైవరుని అడుగుతుంది. పనుల రికార్డు ఉన్న చోట మాత్రం ఈ సడలింపు లేదు. మనుషులు నిలబడి ఉండొచ్చన్న అనుమానం చాలు, దిగాల్సిందే.

వంతెన ముక్కని చేత్తో దిద్దారు. ఇంటర్నెట్‌కి కలిసి ఉన్న కార్లలో 100 వచ్చేసింది. మ్యాప్‌ని మెమరీ కార్డుతో మార్చుకోవాల్సిన కార్లలో 60 ఇంకా ఉంది, యజమాని మళ్లీ అప్‌డేట్ చేసుకునేదాకా ఉంటుంది. అద్దె కార్ల సంస్థకి ఆ కార్ల జాబితా ఇచ్చాం. వాటిలో లిమిట్‌కి క్రూజ్ కంట్రోల్‌కి ఉన్న లింకు తీసేసి, హెచ్చరిక మాత్రం ఉంచుకోమన్నాం. ఇదే తరహాలో, పాత పనుల చోట్ల శాశ్వతంగా మారిన లిమిట్లు ఇంకెన్ని ఉన్నాయో చూడమంటే, మ్యాప్ సంస్థ రాత్రి వేగాలతో పోల్చి ఒక జాబితా తీసింది. అందులో కొన్ని నిజంగానే తగ్గించిన లిమిట్లు, జనం పాటించట్లేదంతే. వాటిని కదపలేదు.

తేలనిది కదిలే పనుల సంగతి. గీతలు వేసే బండి, గుంతలు పూడ్చే బండి, గడ్డి కోసే బండి ఉదయం ఒక చోట ఉంటాయి, మధ్యాహ్నానికి ఇంకో చోట. వాటికి రికార్డు రాదు, వచ్చినా అది చేరేసరికి బండి ముందుకి జరిగిపోయి ఉంటుంది. గడువు లెక్కలూ, లేదనే సమాధానాలూ అంత తొందరగా పనిచెయ్యవు. ప్రస్తుతానికి అలాంటి చోట కెమెరా చదివిన నంబరుని ఆ ఒక్క కారుకే, కొద్ది దూరానికే వాడుతున్నాం, మ్యాప్‌కి పంపించడం లేదు. పనిబండే తన చోటుని తానే ప్రసారం చేసే ఏర్పాటు ఉంటే వెనక వచ్చే కార్లకి ముందే తెలుస్తుంది. దాన్ని ఎలా తీసుకోవాలో తేల్చే కేసు వేరే తెరిచాం, అది ఇంకా నడుస్తోంది.